హన్మకొండకు వస్తున్నరా, హైదరాబాద్‌కు వస్తున్నరా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్ల సగానికి పైగ ఒకటే ముచ్చట, అమెరికా నుంచి వాపసు వద్దామా వద్దా అని. కొన్ని అక్కడున్న పిల్లల నుంచి, కొన్ని ఇక్కడున్న అమ్మానాన్నల నుంచి, ఒకటైతే భర్తకు తెల్వకుంట భార్య రాసింది. అన్నీ వేసే జాగ లేదు, ఐదు తీసిన. పేర్లు వద్దన్నరు, వేస్తలేను. ఇంకొకటి, వీసా రూల్స్ నెలకొక తీరుగ మారుతున్నయి, నా మాట పట్టుకొని రిజైన్ లెటర్ పెట్టకుర్రి, మీ అటార్నీని, మీ సీఏని ఒకసారి అడిగినంకనే ఏదైనా.

ప్రశ్న: అక్కా నమస్తే. మాది హన్మకొండ నయీంనగర్. డాలస్ దగ్గర ఫ్రిస్కోల ఉంటున్నం. 2013ల మాస్టర్స్‌కి వచ్చిన, 2015 సంది హెచ్‌-1బి (అక్కడ పని చేసే వీసా), ఐ-140 (గ్రీన్‌కార్డ్ కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయ్యింది, ఈబీ-2ల (ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్‌కార్డులల్ల ఒక రకం) ప్రయారిటీ డేట్, అంటే లైన్ల మా తేదీ, 2017. పాప 2016ల పుట్టింది, బాబు 2022ల, ఇద్దరు ఇక్కడే. నాన్నకు పోయినేడు స్టెంట్ వేసిన్రు, నేను వచ్చేసరికి డిశ్చార్జ్ కూడ అయిపోయింది. మా టీమ్‌ల సగం మందిని తీసేసిన్రు, నాకింక ఏం కాలె గని ప్రతి సోమవారం లాప్‌టాప్ తెరిచేటప్పుడు లాగిన్ అయితదో లేదో అని గుండె దడ. ఇంటికి వద్దామా, ఆగుదామా అని రెండేండ్ల సంది ఇంట్ల ఇదే లొల్లి. ఒకసారి వస్తే మళ్ళ పోవస్తదా? పిల్లల చదువు ఆగం అయితదా?

జవాబు: తమ్ముడూ, ఇంటికి వద్దామా అన్నవ్ గని ఏ ఇంటికి అన్నది ఎక్కడ రాయలె. నయీంనగర్ ఇంటికా, లేకపోతే హైదరాబాద్ కొండాపూర్‌ల తీసుకోబోయే ఫ్లాట్‌కా? ఎందుకడుగుతున్ననంటే నేను న్యూజెర్సీ నుంచి వచ్చి హన్మకొండ నక్కలగుట్టల ఉంటున్న, మా గల్లీల పై పోర్షన్లు చూస్తే నీకు అర్థమైతది. కొడుకు కోసమని కట్టిన్రు, మార్బుల్ వేసిన్రు, ఏసీ పెట్టిన్రు, పరుపు మీది ప్లాస్టిక్ కవర్ కూడ ఇంక తియ్యలె, కిరాయికి ఇయ్యుర్రి ఉత్తగెందుకు అంటే ఏమో పిలగాడు వస్తడేమో అంటరు. పిలగాడు వచ్చిండు కూడ. వచ్చి గచ్చిబౌలిల ఉన్నడు. పై పోర్షన్ తాళం అట్లనే ఉన్నది.

నీ అనుభవానికి తగ్గ జాబ్ హైదరాబాద్‌లనే దొరుకుతది. అమెరికా కంపెనీలు సొంతంగ పెట్టుకున్న సెంటర్లు, ఇప్పుడు అందరు జీసీసీ జీసీసీ అంటున్నరు గదా, అవన్నీ అక్కడ్నే ఉన్నయి. ఆఫీస్‌కు ఎప్పుడు పోయినా రాత్రి తొమ్మిది నుంచి పదకొండు దాకా కాల్స్ ఉంటయి, అక్కడోళ్ళకు అప్పుడే తెల్లారుతది. శుక్రవారం సాయంత్రం కారు తీసినవనుకో, ఉప్పల్ దాటుడే పెద్ద పని, ఆ ఫ్లైఓవర్ పని 2018ల మొదలైంది, ఎన్ని తిప్పలు పెట్టిందో ఆ రోడ్డు మీద పోయేటోళ్ళను అడుగు. ఘట్‌కేసర్ దాటినంక రోడ్డు మంచిగుంటది, అయినా నువ్వు హన్మకొండ చౌరస్తకు వచ్చేసరికి అమ్మానాన్న పండుకుంటరు. శనివారం పొద్దుగాల టిఫిన్ తినుకుంట ముచ్చట, పగలు నాన్న రిపోర్టులో ఇంటి పన్నో ఏదో ఒక పని, ఆదివారం పగటీలికి మళ్ళ హైదరాబాద్ దారి. పిల్లలకు పరీక్షలుంటే ఆ వారం అది కూడ ఉండదు. గుండెనొప్పి శనివారం నాడే రావాలని రూల్ లేదు. మంగళవారం రాత్రి రెండింటికి వస్తే నువ్వు ఫ్రిస్కోల ఉన్నా కొండాపూర్‌ల ఉన్నా మొదలు దవాఖానకు తీస్కపోయేది పక్కింటోళ్ళే. తేడా ఏందంటే కొండాపూర్ నుంచి తెల్లారేసరికి వస్తవ్, అక్కడి నుంచైతే రెండు రోజులు పడ్తది. అది చిన్న తేడా అని నేననను, ఆ ఒక్క తేడా కోసమే వచ్చి నిమ్మలంగ ఉన్నోళ్ళను నేను చూసిన. గని నువ్వు వచ్చేది దేనికోసమో నీకు ముందుగాల తెల్సుండాలె, లేకపోతే వచ్చినంక ఏడాదికి, ఇంత చేసి వచ్చినా అమ్మానాన్న దగ్గర ఉంటలేను గదా అని ఇంకో బాధ మొదలైతది.

మరి వరంగల్‌ల జాబ్స్ లేవా అంటే ఉన్నయి. మడికొండ ఐటీ పార్క్‌ల 2020 జనవరిల టెక్ మహీంద్రా, సైయెంట్ ఆఫీసులు తెరిచిన్రు, తర్వాత ఇంకొన్ని వచ్చినయి, ఇక్కడి పిల్లలకు ఇంటికాడినుంచే జాబ్‌కు పోయే దారి దొరికింది, అది చాన పెద్ద సంగతే. నీ లెవెల్‌కు మాత్రం ఎప్పుడో ఒక పోస్టు పడ్తది, దానికోసం కూసుంటే కష్టం. మామునూరు ఎయిర్‌పోర్ట్‌కు 2025 ఫిబ్రవరిల కేంద్రం సరే అన్నది, మీ చుట్టాలు వాట్సాప్‌ల పంపుతనే ఉంటరు, ఫ్లయిట్ లేచేదాక దాన్ని లెక్కల వేసుకోకు.

నిజంగ నయీంనగర్‌కే రావాలె అనుకుంటే దారి రిమోట్ పని. కంపెనీ ఒప్పుకోవాలె, కాయితం మీద ఒప్పుకోవాలె, చెప్పకుంట లాప్‌టాప్ పట్టుకొచ్చి, ఎక్కడున్నది కనపడకుంట వీపీఎన్ పెట్టి చేసేటోళ్ళ కథలు మంచిగ ముగుస్తలేవు. ఇక్కడ కూసొని చేసిన పనికి జీతం ఏ దేశపు ఖాతాల పడ్డా ట్యాక్స్ ఇక్కడ కట్టాల్సిందే. జీతం సగానికి పడిపోవచ్చు, ప్రమోషన్లు ఆగిపోవచ్చు. గని హన్మకొండ ఖర్చుల ఆ సగం జీతం గూడ గట్టిగనే నడుస్తది, రోజు రాత్రి నాన్నకు గోలీలు నీ చేతితోని ఇస్తవ్. ఇది ఇష్టమైతే ఇదే చెయ్యి. ఇష్టం లేకపోతే నాకు కెరీర్ కూడ కావాలె అని ఒప్పుకొని హైదరాబాద్‌కు రా, దాంట్ల తప్పేం లేదు. అమ్మానాన్ననే హైదరాబాద్ తెచ్చుకుంట అని మాత్రం వాళ్ళను అడగకుంట లెక్క వేసుకోకు. పొద్దుగాల భద్రకాళి బండ్ మీద నలుగురు దోస్తులతోని నడిచే మనిషిని పద్నాలుగో అంతస్తుల కూసోబెడితే వారం ఉంటడు, తర్వాత సంచి సదురుకుంటడు.

మళ్ళ పోవస్తదా అన్నవ్. నీ ప్రయారిటీ డేట్ నువ్వు వచ్చేసినంత మాత్రాన పోదు. ఐ-140 అప్రూవ్ అయ్యి 180 రోజులు దాటినంక కంపెనీ వెనక్కి తీసుకున్నా, మోసమో, అప్రూవల్‌లనే పొరపాటు జరిగిందనో తేలితే తప్ప, ఆ డేట్ నీదే, రేపు ఇంకో కంపెనీ గ్రీన్‌కార్డ్‌కు వేస్తే దాన్నే వాడుకోవచ్చు. హెచ్‌-1బికి తీసే లాటరీల నువ్వు ఒకసారి లెక్కకొచ్చినోనివి, ఐ-140 ఉన్నది, కాబట్టి ఆరేండ్లు దాటినా కొత్త కంపెనీ లాటరీ లేకుంట హెచ్‌-1బికి వెయ్యొచ్చు. అయితే 2025 సెప్టెంబర్ 21 సంది, దేశం బయట ఉండి చెల్లే హెచ్‌-1బి వీసా లేనోళ్ళ కోసం వేసే కొత్త పిటిషన్ మీద లక్ష డాలర్లు కట్టాలన్నరు. మొదలు ఏడాదికే అని పెట్టిన్రు, పొడిగించే వీలు కూడ అండ్లనే రాసిన్రు. అంటే కాయితం మీద నీకు దారి ఉన్నది, ఆ పైసలు కట్టి నిన్ను తెచ్చుకునే కంపెనీ ఉంటదా అన్నదే అసలు కథ. అందుకే నేనైతే మళ్ళ పోయే అవసరం రాకపోవచ్చు అనుకున్నప్పుడే రమ్మంట. రెండేండ్లు చూసి నచ్చకపోతే పోతం అని ఇదివరకు వచ్చినట్టు ఇప్పుడు రాలేం.

ఆగుదామా అంటే కూడ ఒక మాట. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్‌కార్డులు ఏడాదికి సుమారు 1,40,000, భార్యాపిల్లల లెక్క కూడ అండ్లనే, ఒక్క దేశానికి 7 శాతం దాటొద్దని లిమిట్. మనోళ్ళ లైన్ ఎంత పొడుగున్నదో నాకంటే నీకే బాగ తెలుసు. జాబ్ పోతే అక్కడ ఉండనిచ్చేది 60 రోజులు. ఆ 60 రోజుల్ల వచ్చుడు వేరు, జాబ్ ఉండంగ ఇల్లు నిమ్మలంగ అమ్ముకొని, ఇక్కడ ఆఫర్ చేతిల పెట్టుకొని వచ్చుడు వేరు. రేపు పొద్దుగాల గ్రీన్‌కార్డ్ పోస్ట్‌ల వచ్చింది అనుకో, అప్పుడు కూడ వస్తవా? వస్త అంటే ఈ యేడే తయారు గా. రాను అంటే నువ్వు భయపడి వస్తున్నవ్, నాన్న కోసం కాదు, అట్లాంటప్పుడు ఉన్నంత కాలం అక్కడ్నే ఉండి పైసలు కూడబెట్టుకో, నాన్నను చూసుకునేటందుకు ఇక్కడ ఒక మంచి మనిషిని జీతానికి పెట్టు, అది కూడ ప్రేమనే.

పిల్లలది చెప్త. బాబుకు ఏం కాదు, ఆర్నెల్లల్ల గల్లీ పోరగాండ్లతోని కలిసి నీకంటే మంచిగ తెలంగాణ మాట్లాడ్తడు. పాపకు పదేండ్లు, ఆ పిల్ల దోస్తులను విడిచిపెట్టి వస్తది, మొదటి ఏడాది ఏడుస్తది, అది ఉంటది. తెలుగు తప్పదు, 2018ల చట్టం చేసిన్రు, సీబీఎస్‌ఈ ఐసీఎస్‌ఈ బళ్ళల్ల కూడ పదో తరగతి దాక చదవాల్సిందే. తొమ్మిది పది తరగతులకు ఈ బోర్డుల పిల్లల కోసం వెన్నెల అని సులువు వాచకం పెట్టిన్రు, కాబట్టి బుగులు పడకు, గని ఇప్పటి నుంచే ఇంట్ల అక్షరాలు దిద్దించు. చాన మందికి తెల్వని సంగతి ఇంకొకటున్నది. ఓసీఐ పిల్లలు, అంటే వేరే దేశం పౌరులైన మనోళ్ళ పిల్లలు, ఇక్కడ మెడిసిన్, ఇంజినీరింగ్ లాంటి వాటిల్ల ఎన్నారై కోట సీట్లకో అదనంగ పెట్టిన సీట్లకో మాత్రమే పోటీ పడాలె అని 2021 మార్చి 4న కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. 2023ల సుప్రీం కోర్టు అది చెల్లుతది అన్నది గని ఆ తేదీ తర్వాత విదేశంల పుట్టి ఓసీఐ తీసుకున్నోళ్ళకే అన్నది. లెక్క చూస్కో, మీ పాపకు ఈ కట్టడి లేని పాత రూల్, మీ బాబుకు కొత్త రూల్. ఒక్క ఇంట్ల ఇద్దరు పిల్లలకు రెండు దారులు. బాబుకు ఇంక చాన టైమ్ ఉన్నది, అప్పటికి ఏమైతదో గని ఎన్నారై సీటు ఫీజు లెక్క ఇప్పటి నుంచే మనసుల పెట్టుకో.

ఒక పని చెయ్యి. డిసెంబర్‌ల వచ్చి పెండ్లిళ్ళు తిరిగి బిర్యానీలు తిని ఇండియా సూపర్ అనకు. మే నెలల రా, ఎండలు దంచుతుంటయి, నాలుగు వారాలుండు, నాన్నను చెకప్‌కు నువ్వే తీస్కపో, ఓపీ చీటీ కాడ లైన్ల నువ్వే నిలబడు, మధ్యల వారం రోజులు హైదరాబాద్‌ల దోస్తు ఇంట్ల ఉండి ఆఫీస్ టైమ్‌ల రోడ్డు మీద తిరుగు. మీ ఆవిడను కూడ పట్టుకురా, ఆమె ఏమంటున్నదో నీ ఉత్తరంల ఒక్క ముక్క లేదు.

ప్రశ్న: బిడ్డా, మాది పరకాల దగ్గర పల్లె. పత్తి ఎవుసం. కొడుకు సియాటెల్‌ల ఉంటడు. నౌకరి పోయిందట, మాకు చెప్పలె, వాని దోస్తు నోటెంట తెలిసింది. ఇప్పుడు వస్త బాపూ అంటుండు. రమ్మనాల్నా, ఇంకో నౌకరి చూసుకోమనాల్నా? ఊర్ల అందరు అడుగుతరు ఎందుకొచ్చిండని. మా ఆమె రమ్మంటది. నాకు మొన్న కంటి ఆపరేషన్ అయ్యింది, అది వానికి చెప్పలె, పరేషాన్ అయితడని.

జవాబు: బాపూ, వాడు నౌకరి పోయింది మీకు చెప్పలె, మీరు ఆపరేషన్ వానికి చెప్పలె. ఇద్దరు ఒకరి కోసం ఒకరు దాచుకుంటున్నరు. ఈ రోజే ఫోన్ చేసి ఆపరేషన్ ముచ్చట మీరు చెప్పుర్రి, వాడు నౌకరి ముచ్చట వాడే చెప్తడు. దూరముండే పిల్లల భయం ఇదే తెలుసా, బాగనే ఉన్నం బిడ్డా అన్న మాట నమ్మొచ్చో లేదో తెల్వదు వాళ్ళకు, అందుకే ఇక్కడి నుంచి రాత్రిపూట ఫోన్ మోగితే చెయ్యి వణుకుతది.

నౌకరి పోతే అక్కడ 60 రోజుల గడువు. ఆ గడువుల ఇంకో కంపెనీ దొరికితే సరే, లేకపోతే వేరే వీసాకు మార్చుకోవాలె లేదా బయల్దేరాలె. కాబట్టి రమ్మనాల్నా వద్దా అన్నది మొత్తం మీ చేతిల లేదు, మొత్తం వాని చేతిల కూడ లేదు. మీ చేతిల ఉన్నది ఒకటే, రా బిడ్డా, ఇల్లున్నది అనే మాట. ఆ మాట చెవిల పడ్డంక వాడు నెత్తి నిమ్మలంగ పెట్టుకొని ఇంటర్వ్యూలు ఇస్తడు. చెప్పకపోతే అక్కడ అప్పు చేసి అయినా ఉంటడు, సిగ్గుకు.

ఇగ ఊరోళ్ళ ముచ్చట. జగిత్యాల, సిరిసిల్ల దిక్కు దుబాయ్, మస్కట్ పోయినోళ్ళు ఇంటికి ఒకరు ఉంటరు. రెండేండ్లకోసారి వస్తరు, ఒకోసారి కంపెనీ మూసేస్తే చేతిల సంచితోని వస్తరు, ఎప్పుడొచ్చినవ్ అని అడుగుతరు గని ఎందుకొచ్చినవ్ అని ఎవ్వరు పంచాయితి పెట్టరు. అమెరికా అనేసరికి మాత్రం ఓడిపోయి వచ్చినట్టు చూస్తరు, ఎందుకంటే మనమే పోయిననాడు అంత పెద్దగ చేసి పంపినం, విమానం ఎక్కేటప్పుడు రెండు కార్లేసుకొని శంషాబాద్ దాక పోయినం. అడిగినోళ్ళకు నౌకరి పోయింది, వచ్చిండు, హైదరాబాద్‌ల చూసుకుంటుండు అని చెప్పుర్రి. నెల రోజులు అడుగుతరు, తర్వాత మిర్చి రేటు అడుగుతరు.

ఒక్క సంగతి ముందుగాల అనుకోవాలె. వచ్చినంక వాడు మీ పల్లెల ఉండడు, వారం పది రోజులుంటడు, మళ్ళ హైదరాబాద్ పోతడు. అమ్మకు ఇది ఇప్పుడే చెప్పుర్రి. కొడుకు వస్తుండని ఆమె ఇంకోలెక్క అనుకుంటుండొచ్చు.

ప్రశ్న: నమస్తే అక్కా. నేను గుంటూరు అమ్మాయిని, మా వారిది హన్మకొండ. ఇద్దరం నార్త్ కరోలినాలో ఉంటున్నాం. ఆయన ఇండియా వెళ్ళిపోదామంటున్నారు, అత్తయ్యా మామయ్యా పెద్దవాళ్ళయ్యారని. నాకు రావాలని లేదు. నేను హెచ్‌-4 (ఆయన హెచ్‌-1బి మీద భార్యగా ఇచ్చే వీసా) మీద వచ్చి ఆరేళ్ళు ఇంట్లో ఖాళీగా కూర్చున్నాను, ఈఏడీ (ఉద్యోగం చేసుకునే అనుమతి) వచ్చాక ఇప్పుడిప్పుడే ఒక మంచి కంపెనీలో టెస్టింగ్ లీడ్ అయ్యాను. ఈ మాట అంటే నీకు మా అమ్మానాన్నలంటే ఇష్టం లేదంటున్నారు. మా అమ్మానాన్న కూడా ముసలివాళ్ళే కదక్కా, వాళ్ళ సంగతి ఎవరూ అడగరే.

జవాబు: చెల్లే, నీ ఉత్తరం చదివి నాకు కోపం వచ్చింది, నీ మీద కాదు. వాపసు వచ్చుడు అని మగోళ్ళు చెప్పే దాంట్ల చాన సార్లు వచ్చేది ఆయన, చేసేది ఆమె. ఆయన పొద్దుగాల ఆఫీస్ పోయి రాత్రి కాల్స్ అయినంక వస్తడు, మామయ్య షుగర్ టెస్ట్, అత్తయ్య ఫిజియోథెరపీ, పిల్లల తెలుగు హోంవర్క్, పనామె రాకపోతే గిన్నెలు, అవన్నీ ఎవరి మీద పడ్తయో లెక్క వేసుకున్నరా ఆయన? ఆరేండ్లు వీసా నిన్ను ఇంట్ల కూసోబెట్టింది, ఇప్పుడు అదే పని అత్తిల్లు చేస్తదేమో అన్నది నీ భయం, దాన్ని ప్రేమ లేదు అని కొట్టేసుడు అన్యాయం.

మరి ఆయన భయం కూడ ఉత్తది కాదు. ఆయనను ఒక కాయితం తీసుకొని రాయమను, ఏ ఊర్ల ఉంటం, అత్తయ్యా మామయ్యా మనతోని ఉంటరా కింద పోర్షన్‌ల ఉంటరా, దవాఖానకు ఎవరు తీస్కపోతరు, నా జాబ్ ఏంది, సంవత్సరంల ఎన్ని రోజులు గుంటూరుల మా అమ్మానాన్న దగ్గర ఉంటం. చివరిది తప్పకుంట రాపియ్యి. హైదరాబాద్‌ల నీ పనికి డిమాండ్ ఉన్నది, నీ టీమ్‌కు ఇక్కడ ఆఫీస్ ఉన్నదేమో అడుగు, ఉంటే బదిలీ అడుగుడు కొత్త జాబ్ వెతుకుడు కంటే నయం. నీ ఆఫర్ చేతికి వచ్చేదాక టికెట్లు బుక్ కావొద్దు. ఆయన ఆఫర్ ఒక్కటే వచ్చి మీరు వస్తే నీది తర్వాత చూద్దాం అన్నది ఇగ తర్వాతనే ఉంటది.

అత్తమామల హెల్త్ ఇన్సూరెన్స్ మాత్రం ఇప్పుడే తీసుకోమను, వచ్చినంక చూద్దాం అనొద్దు. ముందు నుంచి ఉన్న బీపీ షుగర్‌లకు పాలసీ తీసుకున్నంక ఆగాల్సిన కాలం 2024ల నాలుగేండ్ల నుంచి మూడేండ్లకు తగ్గించిన్రు, 65 దాటితే కొత్త పాలసీ లేదు అనే అడ్డు గూడ ఆ యేడే తీసేసిన్రు. సొంతంగ తీసుకునే పాలసీల మీద జీఎస్‌టీ 2025 సెప్టెంబర్ 22 సంది లేదు. ఆ మూడేండ్ల గడియారం ఈ రోజు మొదలైతే మీరు వచ్చేసరికి సగం నడిచిపోతది. ఉన్న జబ్బులు దాయకుంట రాయాలె. మీ అమ్మానాన్నకు కూడ ఇదే పాలసీ తీసుకో, అదే రోజు.

ప్రశ్న: మేడం, మేము ఈ ఏడాది చివర్ల వస్తున్నం, ఫిక్స్. 401కె (అక్కడి రిటైర్మెంట్ పొదుపు) తీసెయ్యాల్నా? ఎన్నారై ఖాతాలు ఏం చెయ్యాలె? హంటర్ రోడ్ దిక్కు ఒక ప్లాట్ చూసినం, ఇక్కడి నుంచే రిజిస్ట్రేషన్ చేపిద్దాం అనుకుంటున్నం.

జవాబు: 401కె జోలికి ఇప్పుడే పోకు. 59న్నర ఏండ్లు రాకముందు తీస్తే ట్యాక్స్ కాక ఇంకో 10 శాతం పెనాల్టీ పడ్తది, అది అట్లనే ఉండనియ్యి. ఇక్కడ ఏడాదికేడాది దానికి ట్యాక్స్ కట్టకుంట తీసినప్పుడే కట్టేలాగ ఎంచుకునే వీలు 2021 బడ్జెట్‌ల ఇచ్చిన్రు, ఫారం టైముకు వెయ్యాలె, ఇది మీ సీఏతోని గుర్తుపెట్టుకొని చేపియ్యి.

తొమ్మిది పదేండ్లు అక్కడ ఉండి వచ్చినోళ్ళకు మొదటి రెండు మూడేండ్లు ఆర్‌ఎన్‌ఓఆర్ (ఇక్కడ ఉన్నా ట్యాక్స్ లెక్కల ఇంక పూర్తి రెసిడెంట్ కాదు) అనే హోదా దొరుకుతది, గత పదేండ్లల్ల తొమ్మిదేండ్లు నాన్ రెసిడెంట్ అయినా సరే, గత ఏడేండ్లల్ల ఇక్కడున్నది 729 రోజులు దాటకపోయినా సరే. ఆ కాలంల అక్కడి వడ్డీ, అక్కడి ఇల్లు కిరాయి, షేర్లు అమ్మిన లాభం, ఇవి ఇక్కడ ట్యాక్స్‌ల రావు. అక్కడి ఇల్లో షేర్లో అమ్మేది ఉంటే ఈ కిటికీలనే అమ్ముకోవాలె. ఎన్‌ఆర్‌ఈ ఖాతా (అక్కడి సంపాదన ఇక్కడ దాచుకునే ఎన్నారై ఖాతా) మాత్రం ఇక్కడ స్థిరపడినంక అట్లనే నడపరాదు, బ్యాంకుకు చెప్పి రెసిడెంట్ ఖాతాగ మార్చాలె, డాలర్లు డాలర్లుగనే ఉంచుకోవాలంటే ఆర్‌ఎఫ్‌సీ ఖాతా ఉన్నది. అక్కడి సోషల్ సెక్యూరిటీ పెన్షన్‌కు 40 క్రెడిట్లు కావాలె, ఏడాదికి నాలుగు కంటే ఎక్కువ రావు, ఇండియాకు అమెరికాకు మధ్య ఈ విషయంల ఒప్పందం లేదు, ఇక్కడి పీఎఫ్ ఏండ్లు అండ్ల కలవవు. మీది 38, 39 దగ్గర ఉన్నదనుకో, టికెట్ ఒక ఆర్నెల్లు జరుపుకో, పెద్ద నష్టం లేదు.

ప్లాట్ ముచ్చటకు వస్తే, ఆగు. 2020 ఆగస్టుల, 2023 జూలైల, మళ్ళ 2025 అక్టోబర్‌ల మొంథా తుఫాన్‌కు మన ఊర్ల ఎన్ని కాలనీలు మునిగినయో వీడియోల చూసే ఉంటవ్. కాకతీయులు గొలుసుకట్టు చెరువులు తవ్విన ఊరు ఇది, నీళ్ళకు పోయే దారి ఉండేది, మనం ఆ దారిల ఇండ్లు కట్టినం. బ్రోకర్ పంపే వీడియో ఎప్పుడైనా ఎండకాలందే ఉంటది. పవర్ ఆఫ్ అటార్నీ మీద అక్కడి నుంచే కొనకు, వచ్చినంక కిరాయికి ఉండు, ఒక వానకాలం గడవనియ్యి, ఆ ప్లాట్ పక్కన చాయ్ హోటల్ ఆయననో కిరాణం ఆయననో అడుగు నీళ్ళు ఎంత దాక వచ్చినయని, వాళ్ళు గోడ మీద మరక చూపెట్టి చెప్తరు. చెరువు నిండితే నీళ్ళు ఎంత దాక వస్తయో చూపెట్టే ఎఫ్‌టీఎల్ మ్యాప్ కూడ తీసి చూడు.

ప్రశ్న: అక్కా, మాది కరీంనగర్. మిస్సోరిల మాస్టర్స్ అయిపోయింది, ఓపీటీ (చదువు అయినంక పని చెయ్యనిచ్చే కాలం) మొదలై రెండు నెలలు దాటింది, జాబ్ రాలేదు. 35 లక్షల లోన్, ఇంటి కాయితాలు బ్యాంకుల ఉన్నయి. ఒక కన్సల్టెన్సీ వాళ్ళు ఐదేండ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టి రెజ్యూమే మారుస్తం, నువ్వు పైసలు కడితే పే స్టబ్స్ (జీతం చీటీలు) నడుపుతం అంటున్నరు. బాపుకు ఏం చెప్పాల్నో అర్థమైతలేదు. వచ్చేసుడా?

జవాబు: తమ్మీ, ముందు ఆ కన్సల్టెన్సీ నంబర్ బ్లాక్ చెయ్యి. లేని ఉద్యోగం ఉన్నదని ఇమిగ్రేషన్‌కు చూపెట్టి దొరికితే జీవితాంతం వీసా రాకుంట అయ్యే ప్రమాదం ఉన్నది. 35 లక్షల అప్పు కొన్నేండ్లల్ల తీరుతది, ఆ మచ్చ తీరదు. ఓపీటీల జాబ్ లేకుంట ఉండనిచ్చేది మొత్తం 90 రోజులే, స్టెమ్ (సైన్స్, ఇంజినీరింగ్ లాంటి చదువులోళ్ళకు ఇచ్చే) పొడిగింపు వచ్చినంక అన్ని కలిపి 150. నీకు ఇంక నెల కూడ లేదు. ఆ నెల అడ్డమైన అప్లికేషన్లు వందలు కొట్టుడు బంద్ చేసి నీ ప్రొఫెసర్లను, సీనియర్లను మొహం చూసి అడుగు. యూనివర్సిటీల నీ సబ్జెక్టుకు సంబంధించిన పని వారానికి 20 గంటలు దొరికినా, వాలంటీర్‌గ అయినా, మొదటి ఏడాది ఓపీటీల ఆ రోజుల లెక్క ఆగుతది, మీ ఇంటర్నేషనల్ ఆఫీస్‌ల అడిగి కాయితం మీద పెట్టించుకో.

అది కూడ కాకపోతే రా. వస్తే కరీంనగర్‌ల ఇంట్ల కూసోకు. మొదటి ఉత్తరం తమ్మునికి హైదరాబాద్ అంటే జర ఆలోచించు అన్న, నీకు మాత్రం నేరుగ అక్కడికే పొమ్మంట. ఇంటికాడ ఉంటే ఆర్నెల్లు చుట్టాలకు జవాబు చెప్పుడే అయితది. ఐటీ టవర్ మీ కరీంనగర్‌ల కూడ 2020 సంది ఉన్నది, అక్కడ ఏదైనా దొరికితే వద్దనను, దొరికేదాక అమీర్‌పేట దిక్కు ఇద్దరు ముగ్గురు దోస్తులతోని రూమ్ తీసుకో. ఫ్రెషర్ జీతంతోని ఆ లోన్ కిస్తీ మొత్తం వెళ్ళదు, ఇది ఇప్పుడే ఒప్పుకోవాలె.

బాపుకు ఫోన్ల నువ్వే చెప్పు, ఈ ఆదివారమే. లోన్ గవర్నమెంట్ బ్యాంకుదైతే మామూలుగ చదువు అయినంక ఇంకో ఏడాది దాక కిస్తీ మొదలు కాదు, ప్రైవేట్ ఫైనాన్స్‌దైతే రూల్ వేరే ఉంటది, నీ సాంక్షన్ లెటర్ తీసి చూడు. కిస్తీ తప్పినంక పోతే బ్యాంకోళ్ళు వినరు, తప్పకముందే పోయి గడువు పెంచి కిస్తీ తగ్గించమని అడగాలె. బాపును ఒక్కన్నే పంపకు, నువ్వు వచ్చిన వారంలనే ఇద్దరు కలిసి పోయి మేనేజర్‌తోని మాట్లాడుర్రి, నీ ఆఫర్ లెటర్ ఉంటే అది కూడ జేబుల పెట్టుకపో.